చిట్టియ్య తాత చివరి చుట్టు

కేబుల్ వైరు ఒక్కటే. దాన్ని తగిలించుకోవాలని చూస్తున్న మెషీన్లు మాత్రం రెండు. అందుకే శనివారం మధ్యాహ్నం, పప్పన్నం ఇంకా కంచాల్లో ఉండగానే, తండ్రీకూతుళ్ల మధ్య వైరు దగ్గర వైరం మొదలైంది.

"ఈ పెట్టెకి ఉంచెయ్యమ్మా," అన్నాడు అశోక్, టీవీ కింద ఉన్న నల్లటి పెట్టెను ఎడంచేత్తో చూపిస్తూ.

"ఆ డబ్బాకా? నా కంప్యూటర్ ఉండగా డబ్బా ఎందుకు నాన్నా?" అంది దుర్గాశ్రీ.

"దాన్ని డబ్బా అంటున్నావు. కొడుతున్నది మాత్రం నువ్వు!"

మామ్మ అచ్చాయమ్మ గట్టిగా నవ్వింది. దుర్గాశ్రీ నవ్వలేదు.

అశోక్ పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. రామచంద్రపురంలో చిన్న షాపు ఉంది. ఆ నల్ల పెట్టెను పోయిన నెలలోనే కొన్నాడు. డిజిటల్ వీడియో రికార్డర్ అంటారు దాన్ని. రెండువేల ఏడులో వాళ్ల ఊళ్లో ఇంకెవరింట్లోనూ అలాంటిది లేదు. క్యాసెట్ అక్కర్లేదు, సీడీ అక్కర్లేదు. టీవీలో వచ్చే బొమ్మను తన కడుపులోనే దాచుకుంటుంది. ముందువైపు నాలుగంటే నాలుగే బటన్లు. రికార్డు చేస్తుంది, అడిగితే చూపిస్తుంది. పాపం, అంతకు మించి దానికి ఏ విద్యా రాదు.

దుర్గాశ్రీ కంప్యూటర్‌కి రాని విద్య లేదు. లోపల టీవీ కార్డు ఉంది కాబట్టి టీవీ వస్తుంది. పాట వస్తుంది, ఆట వస్తుంది. అప్పుడప్పుడూ పిలవకపోయినా వైరస్ కూడా వస్తుంది. ఏడో తరగతి దుర్గాశ్రీకి అదంటే ప్రాణం. ఎవరూ ముట్టుకోకూడదని పాస్‌వర్డ్ పెట్టింది. ముట్టుకోవడానికి ఇంట్లో ఉన్నదెవరు? అమ్మ వీరవేణి, పిన్నికి పురుడొచ్చిందని తణుకు వెళ్లింది. ఇక ఉన్నది నాన్న, మామ్మ. పాస్‌వర్డ్ మామ్మ కోసమే అన్నమాట.

కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా మామ్మ పసుపు రాసి బొట్టు పెట్టాల్సిందే. సైకిలైనా అంతే, గ్రైండరైనా అంతే. నల్ల పెట్టెకి కూడా పెట్టింది. పైన పసుపు రాసి, ముందున్న నాలుగు బటన్లలో పెద్దదాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు పెట్టింది. అది రికార్డు బటన్ అని ఆవిడకి తెలియదు. పెద్దది కాబట్టి పెద్దరికం ఇచ్చింది, అంతే. కంప్యూటర్ వచ్చిన రోజు కూడా కుంకుమ భరిణెతో వచ్చింది. "స్క్రీన్ పాడవుద్ది మామ్మా!" అని దుర్గాశ్రీ తలుపు దగ్గరే ఆపేసింది.

"నా దాంట్లో అయితే మధ్యలో వచ్చే సబ్బుల ప్రకటనలు కోసేయొచ్చు నాన్నా," అంది దుర్గాశ్రీ ఇప్పుడు. "ముందు 'చిట్టియ్య తాత గరగ నాట్యం' అని రంగురంగుల్లో పేరు వెయ్యొచ్చు. నీ డబ్బా వేస్తుందా పేరు?"

"వెయ్యదు. కరెంటు పోతే?"

"ఆదివారం పోదు."

"పోతే?"

"యూపీఎస్ ఉందిగా."

"అది ఎన్ని నిమిషాలు ఆగుతుందో ఎప్పుడైనా చూశావా?"

దుర్గాశ్రీ చూడలేదు. చూడలేదని చెప్పలేదు కూడా.

"ఈ పెట్టె కరెంటు పోయొచ్చినా టైము మర్చిపోదమ్మా. రాగానే మళ్లీ మొదలెడుతుంది. పైగా నువ్వింట్లో లేకపోయినా మామ్మ నొక్కగలదు."

"మామ్మెందుకు నొక్కాలి? నేను టైము పెడతాను. కంప్యూటర్ దానంతటదే చేసుకుంటుంది."

అశోక్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. "చిట్టియ్యకి మాటిచ్చింది నువ్వు. తేల్చుకోవాల్సింది కూడా నువ్వే. రేపు తెల్లారగట్లే నేను భీమవరం పెళ్లికి పోతున్నాను. ఒక్క మాట గుర్తుపెట్టుకో. టీవీవాళ్లు వేసేది ఒక్కసారే."

ఆ ఒక్కసారే అన్న మాట దగ్గరే ఉంది అసలు చిక్కంతా.

చిట్టియ్య తాత గరగ ఎత్తుతాడు. గరగంటే ఇత్తడి కుండ. దానికి రంగుల గుడ్డలు చుట్టి, పైన పాముపడగ నిలబెడతారు. అది నెత్తిన పెట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టి, డప్పులు మోగుతుంటే గిరగిరా తిరుగుతాడు. చేత్తో మాత్రం పట్టుకోడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ నలభై ఏళ్లుగా చిట్టియ్య గరగను చూశాయి. చూడనివాడు ఒక్కడే ఉన్నాడు. అతను చిట్టియ్య.

పోయిన నెలలో టీవీవాళ్లు వచ్చి వీడియో తీసుకెళ్లిన ఆ నాట్యాన్ని ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి వేస్తున్నారు. సరిగ్గా అదే సాయంత్రం కాలవ అవతలి ఊళ్లో అమ్మవారి జాతర. టీవీ చూసొస్తాను, కాస్త ఆగమ్మా అని అమ్మవారికి చెప్పలేడు కదా!

బుధవారం నాడు తాతా, ఆయన భార్య మరిడమ్మా వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"పాపా, నాకు నలభై ఏళ్ల అనుమానం ఒకటుంది," అన్నాడు తాత. "చివరి చుట్టు తిరిగేటప్పుడు గరగ ఓ పక్కకి ఒరుగుతుందేమోనని. మెడకేదో తెలుస్తా ఉంటుంది. ఎవర్నడిగినా 'అదిరింది చిట్టియ్యా' అంటారు. అదురుతుందేమోననే కదా నా బెంగ!"

"నేను కూడా మాట్లాడానమ్మాయ్ అందులో," అంది మరిడమ్మ, కొంగు సర్దుకుంటూ. "మూతి దగ్గర మైకు పెట్టి అడిగారు. రెండు ముక్కలే. కొత్త చీర కట్టుకున్నాను. ఎలా ఉన్నానో ఏంటో!"

"రికార్డు చేసి చూపిస్తాను తాతా. నా మాట," అంది దుర్గాశ్రీ.

తాత ఆ మాటని గరగలాగే నెత్తిన పెట్టుకుని వెళ్లాడు.

శనివారం సాయంత్రం దుర్గాశ్రీ కంప్యూటర్‌లో రెండు నిమిషాలు టీవీ రికార్డు చేసి చూసింది. బ్రహ్మాండంగా వచ్చింది. ఇంకేం!

"నాకూ కాస్త చెప్పవే," అంది మామ్మ కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోంచి. "నువ్వు జాతరకి పోయాక ఏదైనా అయితే చూస్తాను."

"నీకు రాదులే మామ్మా. నువ్వు అసలు ముట్టుకోకు."

మామ్మ భరిణె మూత పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మూడు గంటలకి దుర్గాశ్రీ నల్ల పెట్టె వెనక నుంచి కేబుల్ వైరు పీకి కంప్యూటర్‌కి తగిలించింది. పెట్టెకీ వైరు లేదు, టీవీకీ లేదు. నాలుగూ ఇరవై అయిదుకి మొదలవ్వాలని కంప్యూటర్‌కి చెప్పి, ఆన్‌లోనే ఉంచి, సైకిలెక్కింది.

జాతరలో ఇసకేస్తే రాలనంత జనం. బెల్లం జీళ్ల బళ్లు, గాజుల బళ్లు, రంగులరాట్నం. మైకులో ఒకాయన గొంతు చించుకుంటున్నాడు.

"ఇప్పుడండీ, మన చిట్టియ్యగారండీ, అమ్మవారి గరగ ఎత్తుకునండీ, మీ ముందుకి వస్తా ఉన్నా..."

టక్కుమని గొంతు ఆగిపోయింది. రంగులరాట్నం సగం గాలిలో నిలబడింది. పైనున్న పిల్లలు కేకలు పెట్టారు.

"కరెంటు!" అన్నారెవరో.

దుర్గాశ్రీ చేతిలో జీడి ముక్క చేతిలోనే ఉండిపోయింది. పక్కన జీళ్ల బండి ఆయన్ని అడిగింది. "ఇక్కడే పోయిందా అండి? మా ఊళ్లో కూడా పోయుంటుందా?"

"లైనంతా పోయిందమ్మా. కాలవగట్టు మీద కొబ్బరిమట్ట విరిగి తీగల మీద పడిందంట. ఇప్పుడే చెప్పుకుంటన్నారు."

చేతి గడియారం చూసింది. నాలుగూ పది.

యూపీఎస్ కీచుమని అరుస్తూ ఉంటుంది. ఎంతసేపు అరుస్తుంది? రెండు నిమిషాలా? అయిదా? నాన్న అడిగినప్పుడు చూసుండాల్సింది. అది ఆగిందంటే కంప్యూటర్ ఆగిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా దానంతటది లెయ్యదు. ఎవరో ఒకరు లేపాలి. పాస్‌వర్డ్ కొట్టాలి. అది తెలిసిన ఒక్క మనిషీ ఇక్కడ జీడి ముక్క పట్టుకుని నిలబడింది.

వెనక డప్పులు మొదలయ్యాయి. మైకు లేకపోయినా డప్పుకి కరెంటుతో పనేముంది! దూరంగా చిట్టియ్య తాత గరగ జనం తలల మీదుగా ఎర్రగా పైకి లేచింది. దుర్గాశ్రీ దాన్ని ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి సైకిల్ దగ్గరికి పరిగెత్తింది.

మూడు కిలోమీటర్లు. కాలవగట్టు మీద మట్టిదారి. ఎదురుగాలి. దుర్గాశ్రీ సీటు మీద కూర్చోకుండా నిలబడే తొక్కింది. నాలుగూ పద్దెనిమిది. లాకుల వంతెన దాటింది. ఇంకొక్క మలుపు తిరిగితే ఊరు కనపడుతుంది.

మలుపు తిరిగింది. ఊరు కనపడలేదు. బాతులు కనపడ్డాయి.

వందా? రెండొందలా? గట్టంతా బాతులే. కాలవలోంచి ఎక్కి, చేలోకి దిగుతూ, దారి మధ్యలో నిలబడి బాతాఖానీ పెట్టుకున్నాయి.

"బాబాయ్! దారి! దారివ్వండి!" అని అరిచింది, కర్ర పట్టుకున్న మనిషిని చూసి.

"తొక్కించెయ్యకమ్మోయ్! ఒక్క నిమిషం ఆగు!"

"నాకు నిమిషం లేదండీ!"

ఆయనకు లేని తొందర బాతులకి మాత్రం ఎక్కడిది? తోకలు ఊపుకుంటూ, ఒకదాన్నొకటి అడుగుతూ, నింపాదిగా దిగుతున్నాయి. దుర్గాశ్రీ సైకిల్ దిగి భుజాన ఎత్తుకోబోయింది. బరువు. మళ్లీ దించింది. ఆఖరి బాతు చేలోకి దిగేసరికి నాలుగూ ఇరవై ఎనిమిది.

వాకిట్లో మామ్మ నిలబడే ఉంది.

"కరెంటు వచ్చి అయిదు నిమిషాలయిందే. నీ కంప్యూటర్ చీకటిగా ఉంది. టీవీ వేద్దామంటే అందులో చుక్కలు తప్ప ఏం రావట్లేదు."

"కంప్యూటర్ ఆన్ చెయ్యలేదా మామ్మా!"

"నువ్వు ముట్టుకోవద్దన్నావు. నేను ముట్టుకోలేదు."

దుర్గాశ్రీ చెప్పులతోనే లోపలికి పరిగెత్తి కంప్యూటర్ బటన్ నొక్కింది. బుర్రున లేచింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మధ్యలో కరెంటు పోయి సరిగ్గా ఆగలేదట. అందుకని ఇప్పుడు డిస్కు అంతా ఒకసారి చూసుకోవాలట.

ఒక శాతం.

రెండు శాతం.

"ఏమంటుందే?" అంది మామ్మ.

"ఆగు మామ్మా! అయిపోద్ది."

గోడ గడియారంలో నాలుగున్నర. ఈపాటికి మొదలైపోయి ఉంటుంది. అయిదు శాతం. శాతం పెరిగేకొద్దీ దుర్గాశ్రీకి శాంతం తగ్గుతోంది. ఆపేసి మళ్లీ ఆన్ చేసింది. అది మళ్లీ ఒకటో శాతం నుంచి మొదలెట్టింది. దుర్గాశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ పెట్టెకి తగిలించవే ఆ వైరు," అంది మామ్మ.

"పది అయింది మామ్మా. ఇంకొంచెమే."

నాలుగూ ముప్పై ఆరు. పదిహేను శాతం.

"వైరు పీకవే తల్లీ."

"ఇరవై అయింది! కొంచెం ఆగితే..."

నాలుగూ నలభై. ముప్పై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది. కదల్లేదు. దుర్గాశ్రీ కూడా కదల్లేదు. వైరు పీకితే డబ్బాయే గెలిచినట్టు. పీకకపోతే తాత ఓడినట్టు.

ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి.

వంగి కంప్యూటర్ వెనక నుంచి వైరు లాగేసింది. టీవీ కింద దూరింది. చేతులకి చెమట. వైరు చివరి సన్నటి రాగితీగ వంకర తిరిగింది. మామ్మ టార్చిలైటు పట్టుకుంది. దుర్గాశ్రీ గోరుతో తీగని సరిచేసి, పెట్టెలోకి తోసింది. బొట్టున్న బటన్ నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

టీవీ తెర మీద చుక్కలు పోయి బొమ్మ వచ్చింది. చిట్టియ్య తాత! నెత్తిన గరగ, కాళ్లకి గజ్జెలు, అప్పటికే సగం నాట్యంలో ఉన్నాడు.

"అదుగో చిట్టియ్య!" అని మామ్మ చప్పట్లు కొట్టింది.

గడియారం నాలుగూ నలభై నాలుగు చూపిస్తోంది. అరగంట ప్రోగ్రాంలో పధ్నాలుగు నిమిషాలు పోయాయి. అయిదింటి దాకా దుర్గాశ్రీ ఆ ఎర్ర లైటు మీంచి చూపు తిప్పలేదు. మరిడమ్మ ఒక్కసారి కూడా కనపడలేదు. ఆవిడ మాటలు పోయినదాంట్లోనే ఉండాలి.

అయిదింటికి మామ్మ అడిగింది. "రేపు వాళ్లొస్తే ఏం చెప్తావు?"

"అంతే వేశారని చెప్తాను."

దుర్గాశ్రీ లోపల్లోపలే లెక్కేసుకుంది. పక్కింటివాళ్లు చూసుంటారా? లేదు, ఊరంతా జాతరకే వెళ్లింది. నాన్న? భీమవరం పెళ్లిలో కెమెరాకి కన్ను అంటించుకుని ఉంటాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

"చెప్పేదానివి నువ్వే," అంది మామ్మ చివరికి. "నేను మాత్రం ఏం చెప్పను. అబద్ధమూ చెప్పను."

సోమవారం స్కూల్లో లెక్కల మాస్టారు ఏం చెప్పారో దుర్గాశ్రీకి ఒక్క ముక్క ఎక్కలేదు. సాయంత్రం అయిదింటికల్లా తాతా మరిడమ్మా వచ్చేశారు. మరిడమ్మ టీవీవాళ్లు వచ్చినప్పుడు కట్టుకున్న చీరే మళ్లీ కట్టుకొచ్చింది. చేతిలో జాతర జీళ్ల పొట్లం.

"ఇంద అమ్మాయ్, నీకే. మా కోసం సైకిలేసుకుని పరిగెత్తావంటగా! జీళ్ల బండి ఆయన చెప్పాడు."

దుర్గాశ్రీ పొట్లం అందుకుంది, విప్పలేదు. అశోక్ కూడా షాపు మూసి వచ్చాడు. అందరూ కూర్చున్నారు. దుర్గాశ్రీ బటన్ నొక్కింది.

తెర మీద తాత గిరగిరా తిరుగుతున్నాడు.

"మొదలేదీ?" అంది మరిడమ్మ.

"అంతే వేశారండి మామ్మగారూ."

"నేను మాట్లాడింది?"

"కోసేశారేమోనండి."

అశోక్ తలతిప్పి కూతురి వంక చూశాడు. "నాలుగున్నర నుంచే పెట్టావు కదమ్మా?"

"ఆ... పెట్టాను నాన్నా."

మరిడమ్మ చీర కుచ్చిళ్లు ఒకసారి సర్దుకుంది. సర్దుకున్నవాటినే మళ్లీ సర్దుకుంది. "పోనీలే. చదువురాని ముసలిదాని మాటలు ఎవరిక్కావాలి. పెద్దోళ్లు, వాళ్లకి తెలీదా ఏది ఉంచాలో ఏది కొయ్యాలో." తర్వాత చిన్నగా అంది. "మంచి చీర కూడా కట్టుకున్నాను."

మామ్మ దుర్గాశ్రీని చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

"చివరి చుట్టు వస్తంది!" అన్నాడు తాత. కుర్చీ అంచుకి జరిగాడు. కన్నార్పలేదు. డప్పులు జోరందుకున్నాయి. తెర మీద తాత ఒక కాలు మీద తిరిగాడు. గరగ ఎర్రటి సుడిలా కనిపించింది.

"ఆపు పాపా. మళ్లీ వెయ్యి."

దుర్గాశ్రీ మళ్లీ వేసింది.

"ఇంకోసారి."

మూడోసారి చూశాక తాత వెనక్కి వాలాడు.

"ఒరిగింది," అన్నాడు.

"ఎక్కడ చిట్టియ్యా? అదిరిపోయింది!" అన్నాడు అశోక్.

"నువ్వు కూడా అదే మాట అనకు బాబూ. ఎడం వైపుకి ఒరిగింది. రెండు వేళ్లంత. కళ్లతో చూశాను కదా." తాత భార్య వైపు తిరిగాడు. "మరిడీ, నువ్వు ప్రతిసారీ ఎదురుగానే నిలబడతావు. నీకు కనపళ్ళేదా?"

మరిడమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "కనపడింది."

"మరి చెప్పలేదేం?"

"బాధపడతావని."

"బాధే. పడేవాణ్ణి. కానీ సరిచేసుకునేవాణ్ణి కదే! నలభై ఏళ్లు నన్ను అడగనిచ్చావు. బాగుంది బాగుంది అని ఒరిగినదాన్నే మోయించావు."

తాత గొంతులో కోపం లేదు. అదే ఉంటే బాగుండేది. దుర్గాశ్రీ ఒళ్లో ఉన్న జీళ్ల పొట్లం చెమటకి తడిసి మెత్తబడింది.

"మామ్మగారూ," అంది లేచి నిలబడి. మరిడమ్మ వైపు తిరిగింది. మళ్లీ అంది. "మామ్మగారూ, మిమ్మల్ని టీవీవాళ్లు కొయ్యలేదు. నేనే పోగొట్టాను."

అందరూ ఆమెవంకే చూశారు.

"నాన్న ఈ పెట్టెలో పెట్టమన్నారు. నేను కంప్యూటరే గొప్పని వినలేదు. కరెంటు పోయింది. యూపీఎస్ ఎంతసేపు ఆగుద్దో నేను చూసుకోలేదు. మామ్మ నేర్పమంటే నేర్పలేదు. పధ్నాలుగు నిమిషాలు పోయాయి. ఇందాక అంతే వేశారని అబద్ధం చెప్పాను."

దుర్గాశ్రీ ఏడవలేదు. ఏడిస్తే 'పోనీలే తల్లీ' అంటారు. అలా అనిపించుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

మరిడమ్మ ముందుకి వంగింది. "అయితే నేనొచ్చానా టీవీలో?"

"వచ్చే ఉంటారండి. నేనే చూడలేదు."

"నన్ను కొయ్యలేదన్నమాట!" మరిడమ్మ మొహం వెలిగింది. అంతలోనే ఆరింది. "కానీ నేను చూసుకోలేను. ఒక్కసారే కదూ వేసేది."

"అవునండి. మళ్లీ రాదు."

దుర్గాశ్రీ నల్ల పెట్టె వైపు చూసింది. అప్పుడంది. "మీరేం చెప్పారో మళ్లీ చెప్తారా మామ్మగారూ? నాన్న కెమెరా ఈ పెట్టెకి తగిలిస్తాను. టీవీలో వచ్చింది అవ్వదు. కానీ మీరు మిమ్మల్ని చూసుకోవచ్చు."

"ఎహె! అది టీవీ. ఇది మీ ఇల్లు," అంది మరిడమ్మ. అంటూనే జుట్టు సర్దుకుంది.

అశోక్ కెమెరా తెచ్చి స్టాండు మీద పెట్టాడు. వైరు మాత్రం దుర్గాశ్రీయే తగిలించింది. ముందుగా మామ్మని కూర్చోబెట్టి అయిదు నిమిషాలు తీసి, చూసింది. తర్వాత వెళ్లి మెయిన్ స్విచ్ ఆపింది. ఇల్లంతా చీకటైంది. మళ్లీ వేసింది. పెట్టెలో దాచింది ఉందో లేదో చూసింది. ఉంది.

"మామ్మా, ఇలా రా. ఇదిగో, నువ్వు బొట్టు పెట్టిందే. ఇది నొక్కితే మొదలవుద్ది. పక్కది నొక్కితే ఆగుద్ది. ఇవాళ నువ్వే నొక్కాలి."

"నాకు రాదన్నావుగా?"

"రానిది నాకే మామ్మా."

మామ్మ బటన్ నొక్కింది. వేలికి కుంకుమ అంటింది. ఎర్ర లైటు వెలిగింది.

మరిడమ్మ కెమెరా వైపు తిరిగి, టీవీవాళ్ల ముందు కూర్చున్నట్టే బిగుసుకుని కూర్చుంది.

"నా పేరు మరిడమ్మండి. గరగ గుడ్డలు ఏటేటా నేనే కుడతానండి, నేనే చుడతానండి. ఆయన తిరిగితే ఊరంతా ఆయన్ని చూస్తారు. నేను మాత్రం గుడ్డనే చూస్తానండి, ముడి ఊడుద్దేమోనని." కొంచెం ఆగింది. "ఈ ముక్క టీవీలో కూడా చెప్పానండి. ఈ అమ్మాయి పోగొట్టింది. అందుకని మళ్లీ చెప్తున్నాను."

అశోక్ దగ్గాడు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకో ముక్క. ఇది టీవీలో చెప్పలేదండి. చివరి చుట్టులో ఆయన గరగ ఎడమకి ఒరుగుతుంది. గుడ్డ చుట్టేటప్పుడు ఎడం పక్క నేను రెండు మడతలు ఎక్కువ వేస్తాను. అందంగా వేలాడుతుందని. ఆ బరువుకేనేమో. ఇందాక తెర మీద చూస్తుంటే అనిపించింది. వచ్చే జాతరకి తీసేస్తానండి."

తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మడతలా! నా మెడ కాదా?"

"నీ మెడకేం? రాయిలా ఉంది. కూర్చో, తీస్తన్నారు!"

మామ్మ ఆపే బటన్ నొక్కింది. దుర్గాశ్రీ మొదటి నుంచీ వేసి చూపించింది. మరిడమ్మ తనని తాను రెండుసార్లు చూసుకుంది. చీర బాగుందని ఒప్పుకుంది. తర్వాత దుర్గాశ్రీ చెవి దగ్గరికి వంగింది.

"అమ్మాయ్, నువ్వు పోగొట్టావన్న ముక్క తీసెయ్యి. నలుగురూ చూస్తే నీకు నామర్దా. కంప్యూటర్లో అయితే కొయ్యొచ్చంట కదా?"

"కొయ్యొచ్చండి," అంది దుర్గాశ్రీ. జీళ్ల పొట్లం విప్పి, అంటుకుపోయిన ముక్కల్లోంచి ఒకటి ఊడదీసి ముందు మామ్మ చేతిలో పెట్టింది. "కానీ వద్దు మామ్మగారూ. ఉండనివ్వండి."